అనని మాటల కుండ

మూడో తరగతి పిల్లలు పాఠం చదివితే బడి పైకప్పు లేచిపోయేది. ఇరవై రెండు గొంతులు ఒక్కసారిగా ఎత్తుకుని, వేలు అక్షరాల కింద జరుపుకుంటూ, ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివేవారు. పక్క గదిలో లెక్కలు చెప్పే మాస్టారు గోడ మీద గుద్దేవాడు. దారిన పోయే గాడిద బండివాళ్లు ఆగి, "ఈ ఏడు చదువు బాగా పండినట్టుందే" అని నవ్వుకుంటూ పోయేవారు. అంతా అయ్యాక నజీహా టీచర్ అడిగేది: "ఇంతకీ మేకపిల్ల ఎందుకేడ్చింది?" ఇరవై రెండు మొహాలూ తెల్లబోయేవి. చివరికి ఒకడు ధైర్యం చేసి, "ఏ మేకపిల్ల టీచర్?" అనేవాడు.

నజీహాకు చిలకపలుకులంటే ఒళ్లు మంట. స్ఫాక్స్ పట్నంలో పదకొండేళ్లు చెప్పి, ఈ కెర్కెన్నా ద్వీపానికి బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. పట్నం మనిషి కదా, వచ్చిన కొత్తలో గాలికి తలుపులు కొట్టుకుంటే ఉలిక్కిపడేది. ఇప్పుడు ఆ గాలితో రాజీపడింది గానీ ఆ చదువుతో మాత్రం పడలేదు. "మీరు చదువుతున్నారా, చేపల వేలం పాడుతున్నారా?" అని కసిరేది. పిల్లలకు అది మెచ్చుకోలులా వినిపించి మరింత గట్టిగా చదివేవారు.

ఒక రోజు ఆమె తరగతిలో ఉన్న జాలరి ఫర్హాత్ కొడుకు నిజార్‌ని అడిగి వాళ్లింటి నుంచి రెండు ఆక్టోపస్ కుండలు తెప్పించింది. చేతి మందాన నాచు పట్టిన మట్టి కుండలు. వాటిని తాడుకు కట్టి సముద్రంలో వదిలేస్తే, ఆక్టోపస్ తన కోసమే ఎవరో ఇల్లు కట్టించారనుకుని దూరి కూర్చుంటుంది. నజీహా వాటిని కడిగి, కిటికీ గట్టు మీద పెట్టి, ఒకదాని మీద 'అన్న మాట' అనీ, రెండోదాని మీద 'అనని మాట' అనీ సుద్దతో రాసింది.

"ఒక అవ్వ ఉంది. మనవడు బడి నుంచి ఆకలితో వచ్చాడు. అవ్వ రొట్టె వాడి చేతిలో పెట్టి 'నాకు ఆకలి లేదురా, నువ్వు తిను' అంది. అన్న మాట ఏంటి?"

"ఆకలి లేదు!" ఇరవై రెండు గొంతులు.

"సరే. అనని మాట?"

గది నిశ్శబ్దమైంది. ఆ గదిలో అలాంటి నిశ్శబ్దం అదే మొదటిసారి. తర్వాత కిటికీ పక్కన కూర్చున్న ఒక పిల్ల మెల్లగా అంది: "ఇంట్లో రొట్టె ఒక్కటే ఉంది."

ఆ రోజు నుంచి పిల్లలకు పిచ్చి పట్టుకుంది, తోచిన మాటలు చీటీల మీద రాసి ఆ కుండల్లో వేయడం. చేప పిల్లకు ఈత నేర్పాలా? కథల్లోని వాళ్లతో మొదలుపెట్టి ఇంట్లోవాళ్ల దాకా పోయారు. "టీచర్, నిన్న మా నాన్న 'పోయి పడుకోరా' అన్నాడు. అనని మాటేమో 'మీ అమ్మతో పోట్లాట ఉంది' అని. కుండలో వెయ్యనా?" అని నిజార్ అడిగితే, నజీహా నవ్వు ఆపుకుని, "కథలవే వెయ్యి నాన్నా, మీ ఇంటివి మీ ఇంట్లోనే ఉంచు" అంది.

మంగళవారాలు ఇంకో ఆట. టీచర్ కుర్చీ ముందుకు లాగి వేస్తారు. అందులో కూర్చున్నవాళ్లు కథలోని మనిషైపోవాలి. మిగతావాళ్లు ప్రశ్నలడగాలి. తోడేలుగా కూర్చున్నవాడిని "నీకు అమ్మ ఉందా?" అని అడిగారు. వాడు "ఉంది, ముసలిది, పళ్లూడిపోయాయి, నేనే నమిలి పెట్టాలి" అన్నాక తోడేలు మీద కోపం సగం తగ్గిపోయింది. పిల్లలు కథల పుస్తకాల కోసం బీరువా దగ్గర తోసుకోవడం మొదలుపెట్టారు.

ఒక్క యామ్నా మాత్రం దేనికీ నోరు విప్పలేదు.

యామ్నాకు తొమ్మిదేళ్లు. మూడో తరగతి ఇది రెండోసారి. లెక్కలు చకచకా చేస్తుంది. చదవమంటే మాత్రం పుస్తకం తెరిచి, వేలు మొదటి మాట కింద పెట్టి, అలాగే నిలబడుతుంది. కిందటేడు మౌఖిక పరీక్షలో నోరు తెరవనందుకే తప్పింది. రంజాన్ సెలవులకు ముందు జరిగే పరీక్షలోనూ ఇంతే అయితే పేరు కొట్టేయక తప్పదని హెడ్మాస్టరు తిజానీ తేల్చి చెప్పాడు. పేరు కొట్టేస్తే ఆ పిల్ల ఇంట్లో కూర్చుని గడ్డి తాళ్లు పేనుకోవాల్సిందే. ఆమె తండ్రి జెల్లూల్ బడికి వచ్చి చెప్పింది కూడా ఆ ఒక్క ముక్కే: "రాని చదువుకి ఎన్నాళ్లని పంపను టీచరమ్మా?" గుమ్మం దాటి లోపలికి రమ్మన్నా రాలేదు.

యామ్నా పక్కన ఎవరూ కూర్చోరు. ఆమె నడిచి వెళ్తుంటే పెన్సిళ్లు దగ్గరికి లాక్కుంటారు. "దాని చెయ్యి తగలనీకు" అని గుసగుసలాడుకుంటారు. ఇదేదో పిల్లల ఆట కాబోలు అనుకుని నజీహా రెండుసార్లు కసిరి ఊరుకుంది. అది ఆట కాదని ఆమెకు చెప్పేవాళ్లు లేకపోయారు.

ఆ వారం స్ఫాక్స్ నుంచి ఫెర్రీలో వస్తూ నజీహా సొంతంగా ఒక కథ రాసింది. పుస్తకాల్లో అన్నీ సింహాలూ రాజులూ. సముద్రంలో పుట్టిన పిల్లలకు సముద్రం కథ ఉండాలని ఆమె ముచ్చట. కిటికీలోంచి చూస్తే నీళ్లలో బారులు తీరిన ఖర్జూర మట్టల కంచెలు. చేపలు ఆ కంచె వెంబడి ఈదుకుంటూ పోయి చివరనున్న బుట్టలో పడతాయి. ఏ కంచె ఏ ఇంటిదో తాతల నాటి నుంచీ రాసిపెట్టి ఉంది. కథ దానంతట అదే వచ్చింది.

గాలివానలో సాలిమ్ అనే జాలరి తన పడవలో తిరిగి వస్తున్నాడు. పొరుగువాడి కంచె విరిగిపోతోంది. చేపలతో నిండిన బుట్టలు కొట్టుకుపోయేలా ఉన్నాయి. సాలిమ్ ఆ బుట్టలను తన పడవలోకి ఎత్తుకుని ఒడ్డుకు తెచ్చాడు.

కథ కాగితాలు అందరికీ పంచి, చదివించి, నజీహా మురిసిపోతూ అడిగింది: "చెప్పండి, సాలిమ్ ఎలాంటివాడు?"

"దొంగ!"

ఈసారి పైకప్పు నిజంగానే లేచిందేమో అనిపించింది. నజీహాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "దొంగేంటర్రా? సాయం చేస్తుంటే!"

నిజార్ లేచి నిలబడ్డాడు. పసిబిడ్డకు నడక నేర్పుతున్నంత ఓపికగా చెప్పాడు. "టీచర్, ఇంకొకడి బుట్ట ముట్టుకోకూడదు. పోయి వాడిని పిలవాలి."

"పిలిచేలోగా కొట్టుకుపోతే?"

"పోతే సముద్రం తీసుకున్నట్టు. ముట్టుకుంటే మనిషి తీసుకున్నట్టు. సముద్రాన్నైతే ఎవరూ ఏమీ అనరు కదా."

"పట్నంలో ఇది చెప్పరా టీచర్?" అని ఒక పిల్ల జాలిగా అడిగింది. అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరే వెనక్కి తిరిగి యామ్నా వైపు చూశారు. యామ్నా తల ఎత్తలేదు. వేలు మాత్రం కాగితం మీద ఉంది. మొదటి మాట కింద కాదు, చివరి మాట కింద.

గంట కొట్టాక తిజానీ మాస్టారు ఆమెను గదిలోకి పిలిచాడు. ద్వీపంలోనే పుట్టి పెరిగిన మనిషి, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. నారింజ తొక్క తీస్తూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "అమ్మా నజీహా, నువ్వు కథ రాశావా, పంచాయితీ పెట్టావా?"

"ఏం జరిగింది సార్?"

"జెల్లూల్ కథ నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదే! ఆయన కథేంటి?"

తిజానీ ఆమె మొహంలోకి చూసి, నిజమేనని నమ్మి, నారింజ పక్కన పెట్టాడు. "రెండేళ్ల కిందట చలికాలంలో ఇలాంటి గాలివానే. తెల్లారేసరికి జెల్లూల్ ఒడ్డు మీద ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు బుట్టలు. బుట్టలకి నీలం గుడ్డ ముడి ఉంది. నీలం ముడి ఫర్హాత్ ఇంటిది. నిజార్ వాళ్ల నాన్న. ఊరంతా చూసింది. ఫర్హాత్ ఒక్క మాట అనలేదు. బుట్టలు లాక్కుని చేపలన్నీ సముద్రంలో పారబోశాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది? ఇక్కడ కొట్టడాలూ, పోలీసులూ ఉండవమ్మా. పిలుపు ఆగిపోతుంది, అంతే. కంచె నాటాలంటే పది మంది కావాలి. ఇవాళ నీది, రేపు నాది. పిలవడం మానేస్తే మనిషి ఉన్నా లేనట్టే. పాపం జెల్లూల్, రెండేళ్ల నుంచీ వాడి కంచె లేవలేదు. ఒక్కడే కుండలు వేసుకుని బతుకుతున్నాడు."

"ఎందుకు ముట్టుకున్నావని ఆయన్ని ఎవరైనా అడిగారా?"

"అడగడమేంటమ్మా? ముట్టుకున్నాడు కదా!" అన్నాడు తిజానీ. అనేసి, ఆ మాట తనకే రుచించనట్టు మొహం పెట్టాడు. "చూడు, నువ్వు ఆ పిల్లని చదివించు, చాలు. ఊరుని చదివించకు."

నజీహా ఇంటికి నడుస్తూ తనను తాను తిట్టుకుంది. తొమ్మిదేళ్ల పిల్లను తరగతి మధ్యలో నిలబెట్టి, తండ్రిని దొంగ అనిపించింది, అదీ తన చేతి రాతతో. ఆమెకు కథలు రాసే ముచ్చటే చచ్చిపోయింది. మర్నాడు వెళ్లగానే కాగితాలన్నీ వెనక్కి తీసుకుంది, పొయ్యిలో పెట్టేద్దామని. లెక్క పెడితే ఒకటి తక్కువైంది.

శనివారం కుండలు దులిపే రోజు. అనని మాటల కుండలో పది పదిహేను చీటీలున్నాయి. అవ్వ గురించి, తోడేలు గురించి. అన్నిటికంటే అడుగున, వేలెడు కాగితం మీద చీమల బారులాంటి అక్షరాలు.

"సాలిమ్ మూడుసార్లు అరిచాడు. గాలికి వినపడలేదు."

పేరు లేదు. నజీహా నోటుపుస్తకాల కట్ట విప్పి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూసింది. యామ్నా పుస్తకం దగ్గర ఆగింది. ఆ పిల్లకు చదవడం వచ్చు. వచ్చింది ఇవాళో నిన్నో కాదు, ఎప్పటి నుంచో వచ్చు. కథ ఇంటికి పట్టుకెళ్లి, పదిసార్లు చదివి, తన టీచరు రాయడం మరిచిపోయిన వాక్యం రాసి తెచ్చింది. నజీహాకు సంతోషమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కళ్లు తుడుచుకుని, చీటీని మళ్లీ కుండలోనే వేసింది. ఎవరి ఇంటిని వాళ్లకు వదిలేయాలి కదా. కథను మాత్రం పొయ్యిలో పెట్టలేదు.

మంగళవారం కుర్చీ ముందుకు వచ్చింది. "ఇవాళ సాలిమ్. ఎవరు కూర్చుంటారు?" అంది నజీహా. తప్పు మీద తప్పు చేస్తున్నానేమోనని భయం. ఆమె ఎవరి వైపూ చూడలేదు, కిటికీ వైపు చూసింది.

దొంగగా కూర్చోవడానికి ఎవరూ కదల్లేదు. వెనక బెంచీ కిర్రుమంది. యామ్నా లేచి, బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చింది. ఎవరూ పెన్సిళ్లు లాక్కోలేదు, అంత ఆశ్చర్యపోయారు. కుర్చీ ఎత్తుగా ఉండటంతో ఆ పిల్ల కాళ్లు నేలకు అందలేదు.

"దొంగ!" అన్నాడొకడు వెనక నుంచి.

"అది ప్రశ్న కాదు" అంది నజీహా.

"నీకు సిగ్గు లేదా?"

"అది ప్రశ్న వేషం వేసుకున్న తిట్టు. ఇంకో ప్రశ్న."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ముందు బెంచీలో ఉండే జొహైరా అనే బుల్లి పిల్ల చెయ్యెత్తింది. "నీ పడవ పేరేంటి సాలిమ్?"

యామ్నా పెదాలు తడుపుకుంది. "ఓర్పు."

ఆ గొంతు ఎలా ఉంటుందో తరగతిలో ఎవరికీ గుర్తు లేదు. కొంచెం బొంగురుగా, కింది స్థాయిలో ఉంది. జొహైరా తన ప్రశ్నకు జవాబు దొరికినందుకు గర్వంగా చుట్టూ చూసింది. దాంతో మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది.

"చలేసిందా?"

"వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు."

"భయమేసిందా?"

"నాకు కాదు. ఇంట్లోవాళ్లకి వేసింది. దీపం పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నారు."

నిజార్ అప్పటిదాకా చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. లేచాడు. మొహం ఎర్రబడింది. ఏదో తిట్టబోతున్నాడనుకుని నజీహా ఒక అడుగు ముందుకు వేసింది. కానీ వాడు మామూలు గొంతుతో, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు: "మరి ఎందుకు ముట్టుకున్నావ్?"

యామ్నా వాడి వైపు చూసింది. రెండేళ్ల నుంచీ ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టుంది.

"మీ కంచె చివర మూల విరిగింది. ఒడ్డు వైపు తిరిగి అరిచాను. మూడుసార్లు అరిచాను. మీ ఇంట్లో పెళ్లి డప్పులు. ఎవరికీ వినపడలేదు. తెల్లారితే పెళ్లివాళ్లకి భోజనాలు కదా, చేపలు పోతే పరువు పోతుందనుకున్నాను. ఎత్తి పడవలో వేసుకున్నాను. మీ ఇంటికే తెస్తున్నాను."

చిన్నత్త పెళ్లి నిజార్‌కి బాగా గుర్తుంది. గాలికి పందిరి ఎగిరిపోయింది, అయినా డప్పులు ఆపలేదు. నజీహా రాసిన కథలో ఏ పెళ్లీ లేదు. ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తి చూపలేదు.

"మరి ఒడ్డుకొచ్చాక చెప్పొచ్చుగా?" అన్నాడు నిజార్.

"నువ్వు అడగలేదు" అంది యామ్నా. "అడగనివాళ్లకి మేం చెప్పం."

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. చివరికి జొహైరా వెళ్లి యామ్నా చెయ్యి పట్టుకుని కుర్చీ దిగడానికి సాయం చేసింది. తర్వాత తన చెయ్యి ఒకసారి చూసుకుంది. ఏమీ కాలేదు.

బుధవారం పొద్దున ఫర్హాత్ బడికి వచ్చాడు. తలుపంత మనిషి, గడ్డి టోపీ తీయకుండానే తరగతి గదిలోకి అడుగుపెట్టాడు. పిల్లలు ఇంకా రాలేదు.

"టీచరమ్మా, మావాడు నిన్నటి నుంచీ నా బుర్ర తినేస్తున్నాడు. అన్నం దగ్గర అదే, పక్క మీద అదే. 'నాన్నా, నువ్వడిగావా? నాన్నా, నువ్వడిగావా?' చెవిలో జోరీగ! మీరు చదువు చెప్తున్నారా, కొడుకుల చేత తండ్రుల్ని బోనెక్కిస్తున్నారా?"

"కూర్చోండి" అంది నజీహా. ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. ఫర్హాత్ దాన్ని చూసి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"ముట్టుకోకూడదంటే ముట్టుకోకూడదు. మా తాతలు పెట్టిన కట్టుబాటు. ఇవాళ మంచికి ముట్టుకుంటాడు, రేపు చెడ్డకి ముట్టుకుంటాడు. ఏది ఏదో ఎవడు తేలుస్తాడు?"

"నిజమే. మీ కట్టుబాటుని నేను తప్పు పట్టను. నేను పట్నం నుంచి వచ్చినదాన్ని, నాకా అర్హత లేదు."

అంత సులువుగా ఒప్పుకునేసరికి ఫర్హాత్‌కు పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు. కిటికీ గట్టు వైపు చూశాడు. "అవి మా కుండలు కదూ? ఏమైనా పడుతున్నాయా?"

"బాగానే పడుతున్నాయి."

"వాడు అరిచాడని మీకెవరు చెప్పారు?"

"నాకెవరూ చెప్పలేదండీ. నేనూ అడగలేదు." నజీహా మెత్తగా అంది: "అడగాల్సింది నేను కాదు కదా."

ఫర్హాత్ టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగినట్టు అనిపించింది గానీ ఆగలేదు.

గురువారం పరీక్ష. తిజానీ మాస్టారు రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన నారింజ. అరబీ అక్షర క్రమంలో యామ్నాది చివరి పేరు. అంతసేపూ నజీహా గోళ్లు కొరుక్కుంటూనే ఉంది. కుర్చీలో సాలిమ్‌గా మాట్లాడటం వేరు, హెడ్మాస్టరు ముందు యామ్నాగా చదవడం వేరు. అక్కడ దాక్కోవడానికి ఏ పాత్రా లేదు. ఈ పూట నోరు పెగలకపోతే, ఆ పిల్ల రేపటి నుంచి ఇంటి అరుగు మీద తాళ్లు పేనుతూ ఉంటుంది.

పాఠం ముసలి ఒంటె గురించి. యామ్నా పుస్తకం తెరిచింది. వేలు మొదటి మాట కింద పెట్టింది. అలాగే నిలబడింది.

తిజానీ కలం మూత తీశాడు. నజీహా తట్టుకోలేక, నిబంధనలు పక్కన పెట్టి, చిన్నగా అంది: "యామ్నా, ఆ ఒంటెకి ఏమైందమ్మా? నాకు తెలుసుకోవాలనుంది."

యామ్నా తలెత్తి చూసింది. టీచరు నిజంగానే అడుగుతోందని తెలిసింది కాబోలు, వేలు కదిలింది.

కేకలు లేవు, ఊగడం లేదు. అవతలి మనిషికి చెబుతున్నట్టు చదివింది. "'నిన్ను సంతకు తోలుకెళ్తే ఎవడు కొంటాడే ముసలిదానా' అని యజమాని విసుక్కున్నాడు. తన దుప్పటి తీసి ఒంటె మీద కప్పి, తాను చలిలో పడుకున్నాడు." చివరి దాకా చదివి పుస్తకం మూసింది.

"యజమాని ఎలాంటివాడు?" తిజానీ అడిగాడు. పరీక్ష కాగితంలో అచ్చువేసిన జవాబులు మూడు: కోపిష్ఠి, పిసినారి, దయగలవాడు.

"ప్రేమ ఉంది సార్. చెప్పడం రాదు."

తిజానీ ఆ మూడు జవాబుల వైపూ చూసి, దేనికీ గీత పెట్టకుండా రిజిస్టరులో పాసని రాశాడు. తర్వాత నారింజ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "నీ చదువు పక్క గదికి వినపడదే అమ్మాయ్. లెక్కల మాస్టారు నీకు రుణపడి ఉంటాడు."

బయట గోడ పక్కన జెల్లూల్ సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. యామ్నా పరుగున వెళ్లి నారింజ చూపించింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి, మళ్లీ ఆమెకే ఇచ్చి, తల మీద చెయ్యి వేశాడు. నజీహా కిటికీలోంచి చూస్తోంది.

అప్పుడు ఫర్హాత్ వచ్చాడు, కొడుకును తీసుకెళ్లడానికన్నట్టు. నిజార్ ఎదురుగానే నిలబడి ఉన్నా వాడిని చూడలేదు. జెల్లూల్‌కు నాలుగడుగుల దూరంలో ఆగి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. జెల్లూల్ సైకిలు టైరు వైపు చూస్తున్నాడు. గేటు దగ్గరున్న తల్లులు మాటలు ఆపేశారు.

"నాలుగింటికి నీళ్లు వెనక్కి తీస్తాయి" అన్నాడు ఫర్హాత్, సముద్రంతో చెబుతున్నట్టు.

జెల్లూల్ సైకిలు హ్యాండిల్ మీద చెయ్యి సర్దుకున్నాడు.

"మొన్నటి గాలికి కంచె పడిపోయింది. మట్టలు నాటాలి." ఫర్హాత్ దగ్గాడు. "ఒక మనిషి తక్కువ."

జెల్లూల్ వంగి టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. గాలి నిండుగానే ఉంది.

"తాడుందా?"

"ఉంది. పాతది."

"నాది తెస్తాలే."

అంతే. ఫర్హాత్ కొడుకు భుజం మీద చెయ్యి వేసి ఒక దారిన పోయాడు. జెల్లూల్ సైకిలు తిప్పుకుని, కూతురు ఎక్కుతుందని ఆగాడు. యామ్నా ఎక్కలేదు. "ఒక్క నిమిషం నాన్నా" అని వెనక్కి పరుగెత్తింది. గదిలోకి వచ్చి, నజీహా అక్కడ ఉందని కూడా చూసుకోకుండా, నోటుపుస్తకం నుంచి ముక్క చింపి, నిలబడే ఏదో రాసి, 'అనని మాట' కుండలో వేసి, మళ్లీ తుర్రుమంది.

శనివారం దాకా ఆగాలని నజీహా నియమం. రెండు నిమిషాలు ఆగింది. తర్వాత చెయ్యి లోపల పెట్టి చీటీ తీసింది. చీమల బారులాంటి అక్షరాలే, ఈసారి కాస్త పెద్దవిగా, కింద పేరుతో సహా.

"ఒక మనిషి రెండేళ్ల నుంచీ తక్కువ. యామ్నా, మూడో తరగతి."